జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్‌లో పనిచేసేవాళ్లు రోజంతా కోడింగే చేస్తారా? ఎమ్మెస్సీ బయోటెక్ చదివినవాళ్లు ఈ రంగంలో నిలబడగలరా?

రోజంతా కోడింగ్ ఉండదు. ఎమ్మెస్సీ బయోటెక్ చదివినవాళ్లు నిక్షేపంగా నిలబడగలరు, నేను చదివిందీ అదే. అడిగినదానికి సూటి జవాబు ఇది. అయితే ఈ ప్రశ్న వెనకున్న బెంగ నాకు బాగా తెలుసు కాబట్టి ఇంకాస్త రాస్తాను. పైథాన్ అంతంతమాత్రం, లైనక్స్ మొహం ఎప్పుడూ చూడలేదు, బీటెక్ కంప్యూటర్స్ వాళ్లతో పోటీ పడగలమా అన్నదే కదా? ఆ బెంగ మీదే బతికే కోర్సులు ఇప్పుడు హైదరాబాద్‌లో వీధికొకటి వెలిశాయి. వేలకు వేలు కట్టించుకుని పిల్లలతో కమాండ్లు బట్టీ పట్టిస్తారు. కమాండ్ ఎవరైనా వెతుక్కుని రాసుకోవచ్చు. చేతికొచ్చిన డేటాను నమ్మాలా వద్దా అన్నది ఎలా తేల్చుకోవాలో మాత్రం అక్కడ ఒక్కరూ చెప్పరు. నన్నడిగితే ఈ ఉద్యోగమంటే అదే.

నేను ఒక ల్యాబ్‌లో క్యాన్సర్ కణజాలాల ఆర్‌ఎన్‌ఏ డేటా చూస్తాను. పొద్దున వెళ్లగానే, రాత్రి సర్వర్‌లో పెట్టి వచ్చిన జాబులు, అంటే కంప్యూటర్‌కు అప్పజెప్పిన లెక్కలు, ఏమయ్యాయో చూడటం, మెమరీ చాలక మధ్యలో ఆగిపోయినవాటిని మళ్లీ క్యూలో పెట్టడం మొదటి పని. ఒక్కో శాంపిల్‌కు రెండు మూడు కోట్ల రీడ్స్, అంటే యంత్రం చదివిన ఆర్‌ఎన్‌ఏ చిన్న ముక్కలు, వస్తాయి. వాటి నాణ్యత ఫాస్ట్‌క్యూసీ అనే టూల్‌లో చూసుకుని, స్టార్ అనే టూల్‌తో జీనోమ్ మీద అమర్చి, ఏ జీన్ మీద ఎన్ని రీడ్స్ పడ్డాయో లెక్కేసి, డీసెక్2 అనే టూల్‌లో గుంపుల మధ్య ఏ జీన్లు తేడాగా ఉన్నాయో తీయడం. ఈ వరసంతా ఒకసారి సరిగ్గా రాసిపెట్టుకుంటే తర్వాత దాని మానాన అది నడుస్తుంది. మిగతా రోజంతా మాటలే. శాంపిళ్లు పంపినవాళ్లతో ఫోన్లు, పీహెచ్‌డీ పిల్లల సందేహాలు, ఎక్కడో ఎవరో రాసిన టూల్ ఎందుకు మొరాయిస్తోందని ఆన్‌లైన్‌లో అడగడం, ఇంకెవరో అడిగినదానికి నాకు తెలిసింది చెప్పడం. ఈ మాటలను జనం పని కింద లెక్క కట్టరు. "కంప్యూటర్ పనే కదమ్మా, బటన్ నొక్కితే వచ్చేస్తుంది కదా, సాయంత్రానికి పంపెయ్" అనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ట్యూబు పట్టుకున్నవాళ్లది సైన్సు, కీబోర్డు పట్టుకున్నవాళ్లది గుమాస్తాగిరీ అన్నట్టు చూసే ఆ చూపంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

కొన్నాళ్ల కిందట జరిగింది చెబుతాను. వేరే ఊరి బృందం ఒకటి కాలేయ క్యాన్సర్ రోగుల శాంపిళ్లు పంపింది. ఒక్కో రోగి నుంచి రెండేసి: కణితి ముక్క ఒకటి, దాని పక్కనుంచి తీసిన మామూలు కణజాలం ఒకటి. పోలికలున్న శాంపిళ్లను దగ్గరగా చూపే పీసీఏ అనే గ్రాఫ్ గీస్తే కణితులన్నీ ఒక వైపు, మామూలువన్నీ ఇంకో వైపు చక్కగా విడిపోయాయి, ఒక్క రెండు తప్ప. కణితి అని రాసున్న ఒక శాంపిల్ మామూలువాటి మధ్యకెళ్లి కూర్చుంది. మామూలుదని రాసున్న ఇంకొకటి కణితుల గుంపులో తేలింది. ఈ రెండూ ఒకే రోగివి కూడా కావు. మొదటిది ఒక ఆవిడది, రెండోది ఒకాయనది.

ఆ ప్రాజెక్టు నడిపే పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను. "అవుట్‌లయర్లు అంటారు కదమ్మా వాటిని. ఆ రెండూ తీసేసి జీన్ల లిస్టు పంపు. రివ్యూయర్లు ఇచ్చిన గడువు దగ్గరపడుతోంది" అన్నారు. నాకు మనసొప్పలేదు. ఒక శాంపిల్ ఎందుకు తేడాగా ఉందో తెలియకుండా తీసేస్తే, తేడాగా కనపడని మిగతావాటిని ఏ ధైర్యంతో నమ్మాలి?

ఇలాంటప్పుడు ముందు చూసేది ఎక్సిస్ట్ అనే జీన్. ఆడవాళ్ల కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి కదా, వాటిలో ఒకదాన్ని మూసేసే ఆర్‌ఎన్‌ఏ ఈ జీన్ నుంచే వస్తుంది. మగవాళ్ల కాలేయంలో అది దాదాపు కనపడదు. వాళ్లలో వై క్రోమోజోమ్ మీదుండే ఆర్‌పీఎస్4వై1, డీడీఎక్స్3వై లాంటివి కనపడతాయి. తీసి చూస్తే, ఆవిడ కణితి అని రాసున్న శాంపిల్‌లో ఎక్సిస్ట్ సున్నా, వై జీన్లు దండిగా ఉన్నాయి. ఆయన మామూలు కణజాలం అని రాసున్నదానిలో సరిగ్గా ఇందుకు తలకిందులు. మళ్లీ ఫోన్ చేశాను. "కణితుల్లో ఒక్కోసారి వై క్రోమోజోమ్ పోతుందమ్మా, దాన్నిబట్టి ఏం చెప్పలేం" అన్నారు. పోవడం నిజమే సార్, మరి ఆడమనిషి కణితిలోకి లేని వై ఎక్కడినుంచి వచ్చింది అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, కల్తీ అయ్యుంటుందేమో, ఎలాగైనా తీసేయడమే మేలు అన్నారు.

కల్తీనా, ట్యూబులు మారాయా? ఇది తేల్చే పద్ధతి ఏది బాగుంటుందని ఆ రాత్రి బయోస్టార్స్ అనే ప్రశ్నోత్తరాల సైట్‌లో అడిగాను. రోగుల వివరాలేవీ పెట్టలేదు, శాంపిళ్ల పేర్లు కూడా మార్చి ఆ పీసీఏ బొమ్మ ఒక్కటే పెట్టాను. తెల్లారేసరికి ముక్కూమొహం తెలియని మనిషెవరో ఓపిగ్గా జవాబు రాసి ఉంచారు. ఆర్‌ఎన్‌ఏ రీడ్స్‌లోనే ఆ మనిషి డీఎన్‌ఏ తేడాలు, అంటే స్నిప్స్, ఉంటాయి. అన్ని శాంపిళ్లనూ ఒకదానితో ఒకటి పోల్చండి. కల్తీ అయితే ఇద్దరి స్నిప్స్ కలగలిసి కనపడతాయి, ట్యూబు మారితే అవతలి మనిషి శాంపిల్‌తో శుభ్రంగా కలుస్తుంది. ఇందుకు ఎన్‌జీఎస్‌చెక్‌మేట్ అనే టూల్ వాడండి, వాడేముందు రీడ్స్ తక్కువున్న శాంపిళ్లను పక్కన పెట్టండి, లేకపోతే లేని పోలిక కనపడుతుంది. ఇదీ ఆ జవాబు. ఆ చివరి జాగ్రత్త ఏ కోర్సులోనూ దొరకదు, పని చేసి చెయ్యి కాల్చుకున్నవాళ్లే చెప్పగలరు.

అలాగే చేశాను. కల్తీ ఛాయ కూడా లేదు. ఆవిడ పేరున్న కణితి ఆయన కణితితో కలిసింది, ఆయన పేరున్న మామూలుది ఆవిడ మామూలు కణజాలంతో కలిసింది. ఆ పట్టిక పంపాక ఆయన ల్యాబ్ నోట్‌బుక్ తెరిపించారు. ఆర్‌ఎన్‌ఏ తీసిన రోజు ఆ రెండు ట్యూబులూ ర్యాక్‌లో పక్కపక్కనే ఉన్నాయి. అప్పుడు ఆయనే ఫోన్ చేసి "నువ్వు పట్టుబట్టి మంచిపని చేశావమ్మా" అన్నారు. అంతటితో ఆగకుండా మిగతా ట్యూబులన్నీ మళ్లీ సరిచూయించారు. పేర్లు సరిచేసి మళ్లీ నడిపితే లిస్టులోకి కొత్త జీన్లు వచ్చాయి, కొన్ని పోయాయి. ఈ మొత్తంలో నేను రాసిన కోడ్ ఒక పేజీ కూడా ఉండదు.

ఎక్కడో ఒకచోట జరిగిందిలే అనుకోకండి. 2016లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు అందరికీ అందుబాటులో ఉన్న డేటాసెట్లను ఇలాగే ఆడ, మగ జీన్లతో సరిచూస్తే 46 శాతం వాటిలో పేరు మారినట్టున్న శాంపిల్ కనీసం ఒకటి దొరికింది. అదీ ఆడ, మగ తేడా వల్ల బయటపడ్డవే. ఇద్దరు ఆడవాళ్ల ట్యూబులు మారితే ఈ పద్ధతికి దొరకవు.

అందుకే చెబుతున్నాను, మీ ఎమ్మెస్సీ వృథా కాదు. లేని వై ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న తట్టాలంటే బయాలజీ తెలిసుండాలి. మన దగ్గరి సంగతే చూడండి. ఆర్యవైశ్యుల్లో కొందరికి బ్యూటైరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు సక్సినైల్‌కోలీన్ అనే కండరాలు సడలించే మందు ఇస్తే మామూలుగా నిమిషాల్లో దిగిపోవాలి. వీళ్లకు దిగదు, చాలాసేపు సొంతంగా ఊపిరి తీసుకోలేరు. తరతరాలుగా ఆ సమూహంలోనే పెళ్లిళ్లు జరగడం వల్ల ఆ లోపానికి కారణమైన జీన్ మార్పు అక్కడ నిలిచిపోయింది. ప్రపంచ డేటాబేసుల్లో అరుదని కనపడే మార్పు మన జిల్లాల్లో అరుదు కాకపోవచ్చు. ఈ ఎరుక లేకుండా, అరుదైనవన్నీ ఒక కాలమ్ చూసి ఏరే స్క్రిప్టు ఎంత వేగంగా నడిస్తే ఏం లాభం? నేను చూసిన ప్రాజెక్టుల్లో కోడింగ్ చేతకాక పాడైంది ఒక్కటీ లేదు. పాడైనవన్నీ శాంపిల్ వివరాలు సరిగ్గా లేకే.

వివరాలంటే ఎక్సెల్ గుర్తొచ్చింది. దయచేసి జీన్ల లిస్టులు ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి. సెప్ట్2 అని ఉన్నదాన్ని సెప్టెంబర్ 2 చేసేస్తుంది, మార్చ్1ని మార్చి 1 చేసేస్తుంది. ఇలా పాడైన జీన్ల పేర్లు, ఎక్సెల్ లిస్టులు జతచేసిన పేపర్లలో దాదాపు ఐదో వంతులో ఉన్నాయని 2016లోనే తేలింది. చివరికి 2020లో మనిషి జీన్లకు పేర్లు పెట్టే కమిటీయే దిగివచ్చి సెప్టిన్2, మార్చ్ఎఫ్1 అని పేర్లు మార్చింది. ఒక సాఫ్ట్‌వేర్ కోసం జీన్ల పేర్లు మార్చుకోవాల్సి రావడం నాకిప్పటికీ మింగుడుపడదు. పాత లిస్టులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, కాబట్టి జాగ్రత్త.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. సందేహాలు ఇన్‌బాక్స్‌లో అడగకండి, నలుగురూ చూసేచోట అడగండి. నాకు రోజూ "హాయ్ మేడమ్, చిన్న డౌట్" అని మెసేజ్‌లు వస్తాయి, వెనకే ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో, అందులో సగం ఎర్రర్ కోసేసి ఉంటుంది. నేను జవాబిస్తే అది ఆ ఒక్కరి ఫోన్లోనే ఉండిపోతుంది. వారం తిరక్కుండానే అదే ఎర్రర్ ఇంకొకరు పంపుతారు. ఈ రంగం నడుస్తున్నదే బహిరంగంగా రాసిపెట్టిన జవాబుల మీద. బయోస్టార్స్‌ను 2009లో మొదలుపెట్టింది పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఉన్న ఇస్త్వాన్ ఆల్బర్ట్. డీసెక్2 రాసినవాళ్లలో ఒకరైన మైకేల్ లవ్, ఇలాంటి టూల్స్ దొరికే బయోకండక్టర్ వాళ్ల సపోర్ట్ సైట్‌లో కొత్తగా నేర్చుకునేవాళ్ల ప్రశ్నలకు కూడా ఏళ్ల తరబడి స్వయంగా జవాబులిస్తూ వచ్చారు. టూల్ రాసిన మనిషే జవాబిచ్చే చోటు ఉండగా, నా ఇన్‌బాక్స్ ఎందుకు?

మన పిల్లలు అక్కడ అడగకపోవడానికి కారణం ఇంగ్లీషు భయం. ఆ భయం అక్కర్లేదు. ఎర్రర్ మొత్తం టెక్స్ట్‌గా అతికించండి, ఏ కమాండ్ ఇచ్చారో, ఏ వెర్షనో రాయండి, మీరు ఏం వస్తుందనుకున్నారో ఒక వాక్యం రాయండి. వ్యాకరణం ఎవరూ పట్టించుకోరు. పరిష్కారం మీకే దొరికితే అదే ప్రశ్న కింద ఎలా దొరికిందో రాయండి. "సాల్వ్డ్, థాంక్స్" అని రాసి వెళ్లిపోయేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. పదేళ్ల తర్వాత అదే ఎర్రర్‌తో అర్ధరాత్రి అక్కడికొచ్చిన మనిషికి ఆ మాట ఎందుకు పనికొస్తుంది?

మీరు ఎమ్మెస్సీలో ఉండగానే మొదలుపెట్టాలంటే, అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ వాళ్ల జీఈఓ అనే జీన్ డేటాబేస్‌లో రోగుల ఆడ, మగ వివరాలున్న డేటాసెట్ ఒకటి తీసుకోండి. జీన్ల కౌంట్ల పట్టిక ఉన్నది చూసుకుంటే మామూలు ల్యాప్‌టాప్, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష చాలు, సర్వర్ అక్కర్లేదు. అడ్డంగా ఎక్సిస్ట్, నిలువుగా ఆర్‌పీఎస్4వై1 పెట్టి ఒక్కో శాంపిల్‌కు ఒక చుక్క పెట్టండి. రాసున్నదానికీ చుక్క ఉన్నచోటుకూ పొంతన కుదరని శాంపిల్ కనపడితే గ్రాఫూ కోడూ ఇక్కడే కింద కామెంట్లో పెట్టండి, నేను చూసి చెబుతాను.