1 కొరింథీయులు 14:34లోని గ్రీకు పదం ‘లలెయో’కు ‘వాగడం’ అనే అర్థం ఉందా?

లేదు, కొత్త నిబంధనలో ‘లలెయో’ అంటే మామూలుగా మాట్లాడటమే. స్త్రీలు క్రైస్తవ సంఘంలో మాట్లాడకూడదనే ఆ వచనంలో, ఈ లేఖ రాసిన పౌలు ఆపింది ముచ్చట్లనేనని చాలామంది చెబుతుంటారు. ఆ మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్సు హాస్యనాటకాల్లో ఈ క్రియకు వదరడం, వాగడం అనే అర్థం నిజంగానే ఉంది. కానీ పౌలు నాటికి వాడుక గ్రీకులో ఆ చులకన పోయింది. ‘లెగో’ అనే మరో క్రియ చెప్పిన విషయం వైపు చూపిస్తే, ‘లలెయో’ ఎక్కువగా నోరు విప్పి మాట్లాడే పనిని సూచిస్తుంది. అందుకే లూకా 11:14లో దయ్యం వదలగానే మూగవాడు ‘మాట్లాడాడు’ అన్నచోట ఈ క్రియే ఉంది.

అదే 14వ అధ్యాయంలో ఇది 20 సార్లకు పైగా వస్తుంది. 29వ వచనంలో ప్రవక్తలు ఇద్దరో ముగ్గురో మాట్లాడాలన్నదీ ఈ క్రియతోనే. ప్రవక్తలను వాగమని పౌలు చెప్పడు కదా! హెబ్రీ 1:2లో దేవుడు కుమారుని ద్వారా మాట్లాడటానికీ ఇదే పదం. 34వ వచనం ఎవరికి, ఏ సందర్భంలో వర్తిస్తుందన్నది వేరే పెద్ద చర్చ. ఈ ఒక్క క్రియతో అది తేలదు.