ఆగిపోయిన కార్టూన్లను టీవీలో మళ్లీ వేయడం ఇక అనవసరమా?

అన్నీ ఓటీటీలోనే దొరుకుతున్నాయి కదా, ఎప్పుడో ఆగిపోయిన కార్టూన్లను ఛానళ్లు ఇంకా ఎందుకు వేస్తున్నాయి, అసలు చూసేవాళ్లున్నారా అని ఒకరు నన్ను అడిగారు. ఉన్నారు. మా ఇంట్లో నేనూ మా అబ్బాయీ చూస్తాం. కాకపోతే రిపీట్లు ఒకప్పుడు చేసిన పని వేరు, ఇప్పుడు చేస్తున్న పని వేరు.

ఒకప్పుడు కార్టూన్ వ్యాపారమంతా రిపీట్ల మీదే నడిచేది. 1980లలో చాలా అమెరికన్ కార్టూన్లకు సరిగ్గా 65 ఎపిసోడ్లు తీయడానికి కారణం ఇదే. వారానికి ఐదు రోజుల చొప్పున వేస్తే 13 వారాలు వస్తాయి, అయిపోగానే మళ్లీ మొదటి నుంచి వేసుకోవచ్చు. హీ-మ్యాన్ రెండు సీజన్లూ 65 చొప్పునే తీశారు. 1992లో మొదలైన కార్టూన్ నెట్‌వర్క్ కూడా తొలి రోజుల్లో టర్నర్ సంస్థ కొనిపెట్టుకున్న హన్నా-బార్బెరా లాంటి పాత కార్టూన్ల మీదే నడిచింది. రిపీట్లు ఆగిపోయిన షోకి మళ్లీ ప్రాణం పోసిన సందర్భమూ ఉంది. 2002లో రద్దయిన ఫ్యామిలీ గై అనే కార్టూన్, అడల్ట్ స్విమ్ అనే పెద్దల కార్టూన్ల ఛానల్లో రిపీట్లు బాగా ఆడటం, డీవీడీలు విపరీతంగా అమ్ముడుపోవడం వల్ల 2005లో కొత్త ఎపిసోడ్లతో తిరిగొచ్చింది.

నా చిన్నప్పుడు నేను చూసిన కార్టూన్లలో సగం అప్పటికే ఆగిపోయినవి. ఆ సంగతి నాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. స్కూల్ నుంచి వచ్చి టీవీ పెడితే ఏది వస్తుంటే అది చూసేదాన్ని. కరేజ్ ద కవర్డ్లీ డాగ్ అనే భయపెట్టే కార్టూన్ నాకు అలాగే దొరికింది. ముందు డెక్స్టర్స్ లాబొరేటరీ చూస్తున్నా, అది అయ్యాక రిమోట్ ముట్టుకోలేదు, అంతే. ఇలాంటిది కావాలని నేనైతే ఎన్నటికీ వెతికేదాన్ని కాదు. భయమేసింది, అయినా మర్నాడు అదే టైమ్‌కి కూర్చున్నాను.

మా అబ్బాయి అలా పెరగడం లేదు. వాడికి నచ్చిన షో ఒకటుంది, దాన్నే మళ్లీ మళ్లీ పెట్టుకుంటాడు. ఒక ఎపిసోడ్ అవగానే తర్వాతది దానంతటదే మొదలవుతుంది కాబట్టి ఇంకోటి ఎదురుపడే సందే ఉండదు. పాతది ఏదైనా నేను చూపిస్తే బొమ్మ చూసి వద్దంటాడు. అదే కార్టూన్ టీవీలో దానంతటదే వస్తుంటే మాత్రం కూర్చుని చూస్తాడు. స్ట్రీమింగ్ పాత కార్టూన్లను నిల్వ ఉంచింది కానీ కొత్త పిల్లలకు పరిచయం చేయడం లేదన్నది నా గట్టి అభిప్రాయం.

దీనికి పెద్ద మినహాయింపు అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్. 2008లో ముగిసిన ఆ కార్టూన్ 2020 మేలో అమెరికా నెట్‌ఫ్లిక్స్‌లోకి రాగానే వారాల తరబడి టాప్ 10లో నిలిచింది. కథ వరసగా నడిచే షో అది. రిపీట్లలో ఈరోజు మొదటి సీజన్, రేపు మూడోది వస్తే ఏమీ అర్థం కాదు. మొదటి నుంచి చివరి దాకా వరసగా చూసే వీలు స్ట్రీమింగ్ ఇచ్చింది, అందులో నాకు ఏ సందేహమూ లేదు. కానీ ఇలా పైకి వచ్చేవి అప్పటికే పేరున్నవే. చిన్న షోలు ఆ జాబితా దాకా రావు.

అసలు టెన్షన్ ఇంకోటుంది. ఓటీటీలో ఉంది కదా అని ధీమాగా ఉండలేం. 2022 ఆగస్టులో హెచ్‌బీఓ మ్యాక్స్ అనే అమెరికన్ ఓటీటీ ఖర్చులు తగ్గించుకోవడానికి ఇన్ఫినిటీ ట్రెయిన్‌తో సహా చాలా కార్టూన్లను ఒక్కసారిగా తీసేసింది. ఎవరో ఏళ్ల తరబడి గీసిన పని అది! టీవీలోనూ వేయకపోతే అలాంటి షో కొత్తవాళ్ల కంట పడే దారి దాదాపు మూసుకుపోయినట్టే. 2025 మార్చిలో అదే మ్యాక్స్ నుంచి పాత లూనీ ట్యూన్స్ పోయాయి. అప్పటికే 2024 జూన్‌లో మొదలైన మీటీవీ టూన్స్ అనే ఉచిత టీవీ ఛానల్ ఆ లూనీ ట్యూన్స్‌లోని బగ్స్ బన్నీని వేస్తోంది కాబట్టి అక్కడి ప్రేక్షకులకు ఒక దారైనా మిగిలింది.

ఈ రిపీట్లు ఇప్పుడు ఎక్కువగా పెద్దవాళ్ల కోసం నడుస్తున్నాయి. 2023 ఆగస్టులో డెక్స్టర్, కరేజ్ లాంటి పాత కార్టూన్లతో చెకర్డ్ పాస్ట్ అనే స్లాట్ మొదలైంది. దాన్ని పెట్టింది పిల్లల ఛానల్ కాదు, పెద్దల కార్టూన్లు వేసే అడల్ట్ స్విమ్. ప్లూటో టీవీ లాంటి ఉచిత స్ట్రీమింగ్ సర్వీసులైతే పాత టీవీ పద్ధతినే ఇంటర్నెట్‌లోకి తెచ్చాయి. ఛానల్ పెడితే మధ్యలో ఏదో ఎపిసోడ్ నడుస్తూ ఉంటుంది, యాడ్స్ వస్తాయి, ఎంచుకునే పనే లేదు. రోజంతా వెతికి అలసిపోయినవాళ్లకు అది నిజంగా హాయి.

కాబట్టి మీకు ఇష్టమైన పాత కార్టూన్‌కి డిస్క్‌లు దొరికితే కొని పెట్టుకోండి, ఓటీటీ లిస్టులో సేవ్ చేసుకుంటే సరిపోదు. పిల్లలుంటే అప్పుడప్పుడు మెనూ కాకుండా, ఏదో ఒకటి నడుస్తున్న ఛానల్ పెట్టి వదిలేయండి. ముందుగా పేరు చెప్పకండి, బాగుంటుందని ఊరించకండి. మా అబ్బాయి దగ్గర పనిచేసిన పద్ధతి ఇదొక్కటే.