బడి యూనిఫాంకు మిక్స్ గుడ్డే తీసుకోండి, కాకపోతే పాళ్లు చూసుకోండి

నెల్లూరు ఎండలకు బాబు యూనిఫాం ప్యూర్ కాటన్‌లో కుట్టించాలా, టెరికాటన్‌లోనా, అంటే పాలిస్టర్, కాటన్ కలిపిన మిక్స్ గుడ్డలోనా అని అడిగారు కదండీ. నేను కావలిలో టైలరింగ్ చేస్తాను, జూన్ వచ్చిందంటే మా మిషన్ మీద యూనిఫాం గుడ్డ తప్ప ఇంకేం కనపడదు, ఆ బట్టలే తర్వాత రిపేరుకు కూడా నా దగ్గరికే వస్తాయి. మిక్స్ గుడ్డే తీసుకోండి.

ప్యూర్ కాటన్ ఒంటికి హాయి, అందులో రెండో మాట లేదు. మామూలు గాలిలోనే కాటన్ తన బరువులో సుమారు 8 శాతం తేమ పట్టి ఉంచుకుంటుంది, పాలిస్టర్‌లో అర శాతం కూడా నిలవదు, అందుకే ఉత్త పాలిస్టర్ చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోతుంది. కానీ తేమ పట్టని ఆ గుణమే ఉతికినప్పుడు అక్కరకొస్తుంది. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే సరిగ్గా బళ్లు నడిచేటప్పుడే. తుఫాను పట్టిందా, కాటన్ ప్యాంటు నడుము పట్టీ, జేబులు మర్నాటికి కూడా చెమ్మగానే ఉండి ముక్కిపోయిన వాసన కొడతాయి. మిక్స్ అయితే రాత్రి ఫ్యాను కింద ఆరేసి పొద్దున తొడిగి పంపొచ్చు.

ఇంకోటి, కాటన్‌కు కత్తెర పెట్టకముందే నానబెట్టి ఆరేయాలి, లేదంటే ఒకటి రెండు ఉతుకులకే పొట్టిదైపోతుంది. మిక్స్‌కు ఆ బాధ చాలా తక్కువ, ముడతలూ తక్కువే, మోకాళ్ల దగ్గర కూడా ఎక్కువ కాలం ఆగుతుంది.

అసలు చూసుకోవాల్సింది పాళ్లు. యూనిఫాం గుడ్డల్లో బాగా దొరికేది 65 పాలిస్టర్, 35 కాటన్. ప్యాంటుకు అది చాలు. చొక్కాకు మాత్రం కాటన్ సగమైనా ఉన్నది, దొరికితే 60 ఉన్నది అడగండి, సముద్రం పక్క ఊళ్లలో ఉక్క ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా.

కొట్లో ప్యూర్ కాటన్ అని చెప్పి ఇచ్చినా సరే, గుడ్డ అంచు నుంచి పడుగు (నిలువు) పోగొకటి, పేక (అడ్డం) పోగొకటి లాగి విడివిడిగా వెలిగించి చూడండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే పొడైపోయే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ ముడుచుకుని కరిగి, చివర గట్టి నల్లపూస కడుతుంది. మిక్స్ అయితే బూడిద నలిపేటప్పుడు గట్టి పలుకులు చేతికి తగులుతాయి. పాళ్లెంతో దీంతో తేలదు గానీ, కలిసిందీ లేనిదీ తెలిసిపోతుంది. రెండు పోగులూ ఎందుకంటే, కొన్ని గుడ్డల్లో పడుగు ఒక రకం, పేక ఇంకో రకం ఉంటుంది.

మిక్స్‌లో లోపాలు లేవని కాదు. రాపిడి తగిలేచోట నూగు ఉండలు కడుతుంది, చెమట వాసన కాటన్‌లో పోయినంత తేలిగ్గా పోదు. నిప్పు దగ్గర మాత్రం అస్సలు వద్దు, పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది, కాబట్టి దీపావళికి టపాసులు కాల్చేటప్పుడు, పొయ్యి దగ్గర పని చేసేటప్పుడు ప్యూర్ కాటనే వేయండి. ఇస్త్రీ పెట్టె కూడా కాటన్ వేడి మీద పెట్టొద్దు, గుడ్డ మెరుపు తేలుతుంది, మధ్యస్థంగా పెట్టి లోపలివైపు తిప్పి రుద్దండి.