మామగారి టీవీ, మనవడి స్పీకరు

ప్రశ్న: మాది 2011లో కొన్న 32 అంగుళాల ఎల్‌సీడీ టీవీ. మా మామగారికి ఈమధ్య వినికిడి తగ్గింది. ఆయనకు వినబడేలా సౌండు పెడితే వీధి చివరిదాకా వార్తలే. మా అబ్బాయి బ్లూటూత్ స్పీకరు తెచ్చాడు. ఫోనుతో బాగా పలుకుతోంది. టీవీ మెనూ అంతా వెతికినా బ్లూటూత్ అన్న మాటే లేదు. కొత్త టీవీ కొనాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: బొమ్మ బాగానే వస్తుంటే కొత్త టీవీ ఎందుకమ్మా? మీ టీవీలో బ్లూటూత్ లేదు, అంతే. ఆ స్పీకరుకి అందుకోవడమే తెలుసు, పంపేది ఒకటి కావాలి. దాన్ని ట్రాన్స్‌మిటర్ అంటారు, అగ్గిపెట్టెంత ఉంటుంది. నేను ఇంటికి తెచ్చుకున్నది 1200 రూపాయలు.

కొనేటప్పుడు జాగ్రత్త. కారులో పెట్టుకునే చవక బ్లూటూత్ ముక్క చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది. అది సౌండు అందుకునే రిసీవర్, మన పనికి రాదు. నెలకి ఇద్దరు ముగ్గురైనా దాన్ని నా షాపుకి పట్టుకొచ్చి 'పనిచెయ్యట్లేదండీ' అంటారు. పాపం, దాని తప్పేం లేదు. రెండు పనులూ చేసే రకమైతే పక్కన బుల్లి స్విచ్ ఉంటుంది, దాన్ని టీఎక్స్ (TX, అంటే పంపడం) వైపు జరపాలి.

ఇక టీవీ వెనక్కి వెళ్లండి. ఎరుపు, తెలుపు రంధ్రాలు కనబడగానే ట్రాన్స్‌మిటర్ వైరు గుచ్చేయకండి. పాత టీవీల్లో అవి ఎక్కువగా లోపలికి తీసుకునేవే. 'ఆడియో అవుట్' అని రాసి ఉంటేనే పనికొస్తాయి. హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే ఇంకా సుఖం, టీవీ రిమోట్‌తోనే సౌండు తగ్గుతుంది, పెరుగుతుంది. కాకపోతే అందులో పిన్ను పెట్టగానే చాలా టీవీల సొంత సౌండు ఆగిపోతుంది. కంగారు పడొద్దు. ట్రాన్స్‌మిటర్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచే ఇవ్వొచ్చు.

జత కలిపేటప్పుడు మీ అబ్బాయి ఫోనులో బ్లూటూత్ ఆపేయమనండి. లేకపోతే స్పీకరు అలవాటుగా ఆ ఫోనుకే అతుక్కుంటుంది. స్పీకరు మీద బ్లూటూత్ బటన్ నొక్కి పట్టుకుని ట్రాన్స్‌మిటర్ పక్కనే పెట్టండి. సాధారణంగా టపటపా కొట్టుకునే లైటు నిలకడగా వెలిగితే కలిసినట్టే.

అసలు చిక్కు ఇప్పుడు చెప్తాను. పోయినేడు మా నాన్నకి ఇలాగే పెట్టాను. క్రికెట్ చూస్తూ, 'ఏంట్రా, బంతి సగం దూరం పోయాక బ్యాటు చప్పుడు వస్తోంది!' అన్నారు. మామూలు బ్లూటూత్‌లో మాట సుమారు సెకనులో అయిదో వంతు ఆలస్యంగా వస్తుంది. వార్తలు చదివే అమ్మాయి నోరు మూశాక ఆఖరి మాట వినబడుతుంది. 'ఆప్ట్‌ఎక్స్ లో-లేటెన్సీ' (aptX Low Latency) అనే బ్లూటూత్ రకంలో ఈ ఆలస్యం దాదాపు తెలియదు గానీ, అది ట్రాన్స్‌మిటర్‌లోనూ స్పీకర్‌లోనూ రెండింట్లో ఉండాలి. మీ స్పీకర్‌లో లేకపోతే ట్రాన్స్‌మిటర్‌కి ఎక్కువ డబ్బు పోయడం దండగ. పైగా టీవీ సౌండూ స్పీకరు సౌండూ కలిసి వస్తే, బావిలోంచి మాట్లాడినట్టు ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది. వినికిడి తగ్గినవాళ్లకి అది మరీ చిరాకు.

అందుకని, నన్నడిగితే ముందు స్పీకరు వెనక 'ఆక్స్' (AUX) రంధ్రం, అంటే వైరుతో సౌండు ఇచ్చేది, ఉందేమో చూడండి. ఉంటే మీ సెట్‌టాప్ బాక్స్ ఆడియో అవుట్ నుంచి దానికి పొడుగు వైరు వేయించండి. చాలా బాక్సుల్లో, టీవీకి హెచ్‌డీఎంఐ వైరు వెళ్తున్నా ఈ అవుట్ కూడా పనిచేస్తూనే ఉంటుంది. అప్పుడు టీవీలో మీకు సరిపడా చిన్న సౌండు, మామగారి కుర్చీ పక్కన ఆయనకు కావలసినంత. బ్లూటూత్ ఆలస్యం ఊసే ఉండదు. వైర్‌లెస్ కొన్నది వైరు తగిలించడానికా అని మీ అబ్బాయి మొహం ముడుచుకోవచ్చు, పట్టించుకోకండి.

వైరు మాత్రం గోడవారగా లాగించి క్లిప్పులు కొట్టించండి. రాత్రిళ్లు మామగారు లేచి నడిచే దారిలో అడ్డంగా ఉండకూడదు.