పదకొండు కొన్నారు, కోటు మాత్రం లేదు

ప్రశ్న: మాది గుంటూరు. ఎంఎస్సీ చదవడానికి సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాను. చదువంతా బ్యాంకు అప్పు మీదే, వడ్డీ 11 శాతం. ఇంకా పని దొరకలేదు. ఇక్కడ కొత్త చలికోటు 90 పౌండ్లు చెబుతున్నారు. ఛారిటీ దుకాణాల్లో పాత బట్టలు చవకగా దొరుకుతాయని తోటివారు చెబితే వెళ్ళడం మొదలుపెట్టాను. ఆరు వారాల్లో 68 పౌండ్లు పెట్టి పదకొండు వస్తువులు కొన్నాను. వాటిలో రెండు స్వెట్టర్లు, ఒక జీన్సు, ఒక మఫ్లరు రోజూ వాడుతున్నాను. ఆ నాలుగింటికీ కలిపి అయింది 22 పౌండ్లే. మిగతా ఏడూ పెట్టెలో ఉన్నాయి: రెండు పార్టీ గౌన్లు, ఇంటర్వ్యూల కోసమని రెండు బ్లేజర్లు, ఒక స్కర్టు, ఒక చేతిసంచి, కాలికి కాస్త బిగుతైన బూట్లు. కోటు మాత్రం ఇంకా కొనలేదు. ‘ఎవరో విడిచిన బట్టలు నీకేం కర్మ’ అని అమ్మ ఫోనులో రోజూ బాధపడుతోంది. నేను చేస్తున్నది పొదుపేనా? కోటు కొత్తదే కొనేయనా?
— ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: కొత్త కోటు ఇప్పుడే కొనకండమ్మా. ఇంకో రెండు వారాలు ఆగితే నష్టం లేదు, స్వెట్టర్లు ఉన్నాయి కదా. మీరు మంచి దారే పట్టారు. కాకపోతే కోటుతో మొదలుపెట్టి గౌన్ల దాకా రావలసింది, గౌన్లతో మొదలుపెట్టారు. ముందు లెక్క చూద్దాం, మీ అమ్మగారి మాట తరువాత.

మీరు వాడుతున్న నాలుగూ కొత్తవి కొని ఉంటే, చవక దుకాణాల్లో చూసినా స్వెట్టర్లకు 50, జీన్సుకు 25, మఫ్లరుకు 12 అనుకుందాం. మొత్తం 87 పౌండ్లు. మీకు 22తో పని జరిగింది. అంటే 65 పౌండ్లు మిగిల్చారు, చాలా మంచి బేరం. కానీ అందులోంచి 46 పౌండ్లు పెట్టెలోకి వెళ్ళిపోయాయి. ఆరు వారాలు కాళ్ళరిగేలా తిరిగినందుకు చేతిలో నిలిచింది 19 పౌండ్లు.

మీది అప్పు డబ్బు కాబట్టి లెక్క ఇక్కడితో ఆగదు. పౌండు 115 రూపాయలనుకుంటే 46 పౌండ్లు 5,290 రూపాయలు. 11 శాతం వడ్డీకి పదేళ్ళ వాయిదాల్లో తీరిస్తే అది సుమారు 8,700 అవుతుంది. చదువుకునే కాలంలో పెరిగే వడ్డీ ఇందులో కలపనే లేదు. ఐదు పౌండ్ల గౌను మీకు పడేది 575 రూపాయలకు కాదు, 950కి. భయపెట్టడానికి చెప్పడం లేదు. దుకాణంలో చీటీ మీద ‘5’ అని కనబడగానే మనసులో 950 అనుకోవడం అలవాటు చేసుకోండి. ఉద్యోగం వచ్చి పౌండ్లలో జీతం అందుకునే రోజున ఈ అలవాటు మానేయవచ్చు.

ఇక అమ్మగారి సంగతి. ఆవిడ బాధను కొట్టిపారేయకండి. మన ఇళ్ళలో కొత్త బట్టకు అంచున పసుపు రాసి, దేవుడి ముందు పెట్టి తొడుక్కుంటాం. ఎవరిదో తెలియని బట్ట అంటే ఆ తరానికి మనసొప్పదు. అయితే అదే ఇంట్లో అక్క లంగా చెల్లెలికి వచ్చింది. పుట్టిన బిడ్డకు మొదట చుట్టింది అమ్మమ్మ మెత్తటి పాత చీరే. స్టీలు సామాన్లవాడు గుమ్మంలోకి వస్తే పాత చీరలు వేసి గిన్నె తీసుకోని ఇల్లు లేదు. ఆ చీరలనూ తరువాత ఎక్కడో ఎవరో కట్టుకున్నారు. ఇవన్నీ అమ్మగారికి తెలిసినవే, మీరు నెమ్మదిగా గుర్తు చేయండి.

బహుశా ఆవిడను ఎక్కువ కష్టపెడుతున్నది ‘ఛారిటీ’ అనే మాట. కూతురు దానం పుచ్చుకుంటోందని అనుకుంటున్నారేమో. అక్కడ దానం చేసేది బట్టలు ఇచ్చినవారు, దానికి డబ్బు జోడించేది కొన్నవారు. ఆక్స్‌ఫామ్ సంస్థ 1947లో ఆక్స్‌ఫర్డ్ బ్రాడ్ వీధిలో తెరిచిన దుకాణం ఈ రకానికి చెందిన తొలి దుకాణాల్లో ఒకటి. జనం ఇచ్చిన వస్తువులను అమ్మి సహాయ కార్యక్రమాలకు డబ్బు సమకూర్చుకోవడానికే అది పుట్టింది. ఇప్పుడు బ్రిటన్‌లో ఇలాంటివి పది వేలకు పైగా ఉన్నాయి. గుండె జబ్బుల పరిశోధనకు, పిల్లల సంరక్షణకు, మరణశయ్య మీదున్న రోగుల సేవకు వాటి ద్వారా డబ్బు వెళుతుంది. మీ ఊళ్ళో లోరోస్ పేరుతో కనిపించే దుకాణాలు అలాంటి రోగులను చూసుకునే అక్కడి హాస్పిస్‌వి. డాక్టర్లూ టీచర్లూ కూడా వాటిలో కొంటారు. మీరు అక్కడ గిరాకీ, చేయి చాచినవారు కాదు. ఈ మాట అమ్మగారికి ఇలాగే చెప్పండి. సంక్రాంతికి మాత్రం కొత్త బట్టే కట్టుకోండి, దానికి వేరుగా 15 పౌండ్లు పక్కన పెట్టుకోండి.

చవక ఎలా సాధ్యమని కూడా ఆవిడ అడగవచ్చు. బ్రిటన్‌లో పెద్దల బట్టల అసలు ధర మీద 20 శాతం వ్యాట్ కలుపుతారు. మీ 90 పౌండ్ల కోటులో అసలు ధర 75, మిగతా 15 పౌండ్లు ప్రభుత్వానివే. దానంగా వచ్చిన వస్తువులను ఛారిటీ అమ్మితే ఆ పన్ను పడదు. దుకాణం మీద వేసే స్థానిక పన్నులోనూ వారికి 80 శాతం మినహాయింపు ఉంది. సరుకు ఉచితంగా వస్తుంది, పనిచేసేవారిలో చాలామంది జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులు. అందుకే ఆ ధర.

ఇప్పుడు కోటు. నేను రెండు చలికాలాలు లీడ్స్‌లో గడిపాను. మొదటి నవంబరులో హెడింగ్లీలోని ఒక దుకాణంలో ముదురు నీలం ఉన్ని కోటు 18 పౌండ్లకు కొన్నాను. కుడి జేబులో ఎవరో రాసుకున్న సరుకుల చీటీ ఉంది: పాలు, కోడిగుడ్లు, తపాలా బిళ్ళలు. చంక కింద లైనింగ్ జానెడు చిరిగింది. దాన్ని చూసి ముగ్గురు వదిలేసి ఉంటారు. సూదీ దారంతో అరగంట పని. ఆరు చలికాలాలు తొడిగాను, ఢిల్లీ చలితో సహా.

ఆ చిరుగును కోటు వేసుకుని చూస్తే కనిపెట్టలేం. అందుకే ముందు లోపలి వైపు బయటికి తిప్పండి. చంకలు, మెడపట్టీ, చేతుల అంచులు, జేబుల అడుగు చూడండి. దీపానికి ఎదురుగా పట్టుకుంటే పురుగు కొట్టిన సూదిరంధ్రాలు వెలుగు చుక్కల్లా కనబడతాయి. అలాంటివి ఉంటే వదిలేయండి. జిప్పు మూడుసార్లు కిందికీ పైకీ లాగండి. పోయిన గుండీ సమస్య కాదు, పాడైన జిప్పు సమస్యే, మార్పించే ఖర్చుకు ఇంకో కోటు వస్తుంది. వానకోటు అయితే లోపలి పూతను గోటితో గీకండి, పొట్టులా రాలితే అది నీళ్ళను ఆపదు. ఈకలు నింపిన కోటు అయితే వేళ్ళతో నొక్కి చూడండి, ఉండలు కట్టి మధ్యలో ఖాళీలు తగిలితే వెచ్చదనం ఉండదు. తరువాత ఉతికే సూచనల చీటీ చదవండి. డ్రై క్లీనింగ్ మాత్రమే అని ఉంటే దానికయ్యే 15 పౌండ్లో ఎంతో కోటు ధరకు కలిపి చూసుకోండి. చీటీ మీది సైజు నంబరును నమ్మవద్దు, పాత బట్టల్లో అదే నంబరు బట్ట ఇప్పటిదానికంటే చిన్నగా ఉంటుంది. మీ మందపాటి స్వెట్టరు వేసుకుని వెళ్ళి, దాని మీద కోటు తొడిగి, రెండు చేతులూ పైకెత్తి, ముందుకు చాచి చూడండి. వీపు మీద పట్టేస్తే అది మీది కాదు.

ఉన్నిది తెచ్చుకున్నాక పురుగు భయం ఉంటే సంచిలో కట్టి రెండు వారాలు ఫ్రీజరులో పెట్టండి. గుడ్లు కూడా చస్తాయి. ఇంట్లో తోటివారికి ముందే చెప్పి పెట్టండి.

బూట్లు, థర్మల్స్ (చలికి లోపల తొడుక్కునే బట్టలు) మాత్రం కొత్తవి కొనండి. ఒంటికి అంటుకునేవి అమ్మగారి కోసమైనా కొత్తవే ఉండనివ్వండి. ప్రైమార్క్ లాంటి చవక దుకాణంలో రెండు జతలు 20 పౌండ్ల లోపే వస్తాయి. బూట్ల విషయంలో నాకు గట్టి దెబ్బ తగిలింది. దాదాపు కొత్తగా మెరుస్తున్న జతను 12 పౌండ్లకు కొన్నాను. మూడో రోజు వానలో నడుస్తుంటే అడుగు భాగం ముద్దలు ముద్దలుగా ఊడిపోయింది. ఏళ్ళ తరబడి వాడకుండా బీరువాలో ఉంచిన బూట్లలో పాలీయూరిథేన్ అడుగు గాలిలోని తేమకే లోలోపల చెడిపోతుంది, పైకి తెలియదు. వాడని బూటే ఎక్కువ మోసం చేస్తుందన్నమాట. చవక కంపెనీ టీషర్టులు కూడా అక్కడ కొనకండి, కొత్తదాని ధరకూ దానికీ పౌండు తేడా కూడా ఉండదు.

కోటుకు 25, బూట్లకు 35, థర్మల్స్‌కు 20. మొత్తం 80 పౌండ్లు కవరులో పెట్టుకోండి. కార్డు గదిలోనే ఉంచి వెళ్ళండి. కొన్నిచోట్ల కార్డే తీసుకుంటారు, అక్కడ కోటు దొరికితే పక్కన పెట్టమని చెప్పి మళ్ళీ వెళ్ళవచ్చు. తిరిగి వెళ్ళే శ్రమ పడటానికి మనసు రాకపోతే ఆ వస్తువు మీకు అక్కర్లేదని అర్థం. ముందు మీ ఊళ్ళోని క్లారెండన్ పార్క్ పేటలో క్వీన్స్ రోడ్డుకు వెళ్ళండి. అక్కడ కుదరకపోతే ఓడ్బీ వైపు చూడండి. స్థితిమంతులుండే పేటల్లో మంచి బట్టలు దానంగా వస్తాయి, ధర మాత్రం ఒక్కో దుకాణంలో ఒక్కోలా వేస్తారు. శనివారం వద్దు, వారం మధ్యలో ఉదయం వెళ్ళండి. కౌంటరులో ఉన్న పెద్దావిడను పలకరించి, కోటు కోసం చూస్తున్నానని సైజు చెప్పండి. వెనుక గదిలో ఇంకా చీటీ కట్టని సరుకు ఉంటుంది, చాలామంది సంతోషంగా వెళ్ళి చూసి వస్తారు. గిన్నెలు, దీపాలు, ఇంకో కోటు లాంటివి వచ్చే జూన్, జూలైల దాకా ఆపుకోండి. విద్యార్థులు గదులు ఖాళీ చేసే ఆ రోజుల్లో బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ లాంటి సంస్థలు విశ్వవిద్యాలయాల్లో సామాను సేకరిస్తాయి, తరువాత దుకాణాలు నిండిపోతాయి.

ఇక పెట్టెలోని ఏడు. బ్లేజర్లలో బాగా అమరిన ఒకటి ఉంచుకోండి, ఇంటర్వ్యూకు అవసరమే. మిగతావాటి రసీదులు వెతకండి. మనసు మారితే వెనక్కి తీసుకోవడం దుకాణం ఇష్టం, గడువు కూడా వారు పెట్టిందే, అయినా వెళ్ళి అడగండి. తీసుకోకపోతే బూట్లూ చేతిసంచీ వింటెడ్ అనే పాత వస్తువుల యాప్‌లో అమ్ముకోవచ్చు. మీవి మీరు అమ్ముకోవడంలో ఇబ్బంది లేదు. కానీ ఛారిటీ దుకాణాల్లో చవకగా కొని లాభానికి అమ్మే పని, ఎంతమంది చేస్తున్నా, మీరు పెట్టుకోకండి. విద్యార్థి వీసా మీద సొంత వ్యాపారం నిషిద్ధం. పది పౌండ్ల లాభానికి పాతిక లక్షల చదువును పణంగా పెట్టడం అవుతుంది. దుకాణంలో స్వచ్ఛంద సేవ చేయాలనిపిస్తే మంచిదే, మాట్లాడటం కూడా అలవాటవుతుంది. అయితే జీతం లేకపోయినా ఉద్యోగంలా వేళలు, బాధ్యతలు కట్టుబడి ఉంటే అది విద్యార్థి వీసాలోని వారానికి 20 గంటల పని పరిమితిలోకి వస్తుంది. ముందుగా విశ్వవిద్యాలయంలో వీసా సలహాలిచ్చే విభాగాన్ని అడగండి.

అమ్ముడుపోనివి తిరిగి ఏదో ఒక దుకాణానికి ఇచ్చేస్తారు కదా, అప్పుడు ‘గిఫ్ట్ ఎయిడ్’ అని ఒక ఫారం ఇస్తారు. పన్ను కట్టేవారు దాని మీద సంతకం చేస్తే, వస్తువు అమ్మగా వచ్చిన ప్రతి పౌండుకు ప్రభుత్వం ఛారిటీకి ఇంకో 25 పెన్నీలు ఇస్తుంది. అది మీరు కట్టిన ఆదాయపు పన్నులోంచి పోయే డబ్బు. మీరింకా అక్కడ పన్ను కట్టడం లేదు, కట్టకుండా సంతకం చేస్తే ఆ తేడా మీరే చెల్లించాలి. ఈసారికి సంతకం చేయకుండా బట్టల మూట మాత్రం ఇచ్చి రండి.