బొమ్మలు గీయడం రాకపోయినా యానిమేటర్ కావచ్చా?

ప్రశ్న: వరంగల్‌లో బీకాం ఆఖరి ఏడాది చదువుతున్నాను. క్యారెక్టర్ యానిమేషన్ అంటే ప్రాణం, కానీ బొమ్మలు అంతగా గీయలేను. కోర్సుకి లక్షల్లో ఫీజు అడుగుతున్నారు. ఇంట్లోనే నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

జవాబు: తప్పకుండా ప్రయత్నించండి. 3డీలో బొమ్మ గీయడం కన్నా కదలికని గమనించే కన్ను ముఖ్యం, పుల్లబొమ్మలు గీయగలిగితే మొదలుపెట్టడానికి చాలు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ ఉచితం, కదిలించడానికి సిద్ధంగా ఉన్న పాత్రలూ ఉచితంగా దొరుకుతాయి. కానీ వెంటనే ఫైట్ సీన్ మీద పడకండి. ముందు రబ్బరు బంతి, ఇనుప గుండు ఒకే ఎత్తు నుంచి పడేలా చేయండి, ఏది బరువైనదో చూసేవాళ్లకి చెప్పకుండానే తెలియాలి. సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 విడి చిత్రాలు, వాటిలో రెండు మూడు అటూ ఇటూ జరిపినా బరువు మారిపోతుంది, అసలు విద్యంతా అక్కడే ఉంది. తర్వాత నడక. మీరే నడిచి ఫోన్‌లో వీడియో తీసుకుని, ఏ కాలు మీద బరువు పడినప్పుడు నడుము ఎటు ఒరుగుతోందో ఒక్కో ఫ్రేమూ ఆపి చూడండి.

ఉద్యోగం కోసం మీ పని చూపించే వీడియోని షోరీల్ అంటారు. దాన్ని ఒక నిమిషం దాటనివ్వకండి, మీ బెస్ట్ షాట్ మొదట్లోనే పెట్టండి. నాసిరకం షాట్ ఒక్కటున్నా తీసేయండి, అది మిగతావాటినీ చెడగొడుతుంది.

ఛోటా భీమ్‌ని తయారు చేసిన గ్రీన్ గోల్డ్ హైదరాబాద్‌దే, కాబట్టి దూరం గురించి టెన్షన్ వద్దు. కోర్సులో చేరాలనిపిస్తే, ఫీజు కట్టే ముందు అక్కడి పాత విద్యార్థుల షోరీల్స్ అడిగి చూడండి.