మెదడుకా, మెదడులోనా?

సందేహం: ‘శ్రద్ధగా వింటున్నప్పుడు మెదడుకు రక్తప్రసరణ పెరుగుతుంది’ అని పిల్లలకు నోట్సు చెప్పాను. ‘ప్రసరణ’ కాదు, ‘ప్రసారం’ అనాలని తోటి ఉపాధ్యాయులొకరు అన్నారు. ఏది సరి?
– ఒక ఉపాధ్యాయిని, ఆమదాలవలస

సమాధానం: ప్రసారం వద్దు. రెండు మాటలకూ ధాతువు ‘సృ’యే అయినా, మన వాడుకలో ప్రసారం ఒకరు పూనుకుని చేసేది. ఆకాశవాణి కార్యక్రమాలను ప్రసారం చేస్తుంది. ప్రసరణ దానంతట అది సాగేది. గుండె నుంచి బయలుదేరిన రక్తం ఒళ్లంతా తిరిగి మళ్లీ గుండెకు చేరే చుట్టుకు ‘రక్తప్రసరణ’ అన్న పేరు స్థిరపడింది, దాన్ని కదపనక్కర్లేదు.

అయితే మీరు చెబుతున్నది ఆ చుట్టు గురించి కాదు. ఒకచోట నిమిషానికి ఎంత రక్తం పారుతోందన్నది. దానికి ‘రక్తప్రవాహం’ మేలు. నాగావళి ప్రవహిస్తుందంటాం గానీ ప్రసరిస్తుందనం కదా.

నాకు అంతకంటే పెద్ద చిక్కు ‘మెదడుకు’లోని ‘కు’ దగ్గర కనిపిస్తోంది. అలా అంటే మెదడు మొత్తానికి అందే రక్తమే పెరిగినట్టు అర్థం. ఊరికే కూర్చున్నా, శ్రద్ధగా విన్నా పెద్దవారి మెదడుకు అందేది నిమిషానికి సుమారు 750 మిల్లీలీటర్లు, అంటే గుండె పంపేదాంట్లో దాదాపు 15 శాతం. మొత్తం మీద అది పెద్దగా మారదు. మారేది లోపలి పంపకం. పాఠం వింటుంటే కణతల లోపలి వినికిడి భాగంలో, బోర్డు మీద బొమ్మను నిశితంగా చూస్తుంటే తల వెనకవైపు చూపు భాగంలో సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. వంశధార కాలువలో నీరు అంతే ఉన్నా, ఏ మదుము ఎత్తితే ఆ మళ్లకు ఎక్కువ పారుతుంది చూడండి, అలాగ.

‘వల్ల’తోనూ జాగ్రత్త. ‘రక్తం పెరగడం వల్ల శ్రద్ధ కుదురుతుంది’ అని రాస్తే కార్యకారణాలు తలకిందులవుతాయి. ముందు నాడీకణాలు చురుకవుతాయి. ఒకటి రెండు సెకన్లకు రక్తం పెరగడం మొదలై, అయిదారు సెకన్లకు గరిష్ఠానికి చేరుతుంది. 1990లో జపాన్ శాస్త్రవేత్త సెయిజీ ఒగావా బృందం చూపిన సూత్రంతో, మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో తెలుసుకోవడానికి చేసే ఎఫ్ఎంఆర్ఐ స్కానింగులో కనిపించేది కూడా రక్తంలోని ఆక్సిజన్ మార్పే, నాడీకణాల పని కాదు.

ఇక ‘శ్రద్ధ’లో ఆసక్తి, నమ్మకం కూడా కలిసి ఉంటాయి. మనోవిజ్ఞాన పాఠాల్లోని ‘అవధానం’ కచ్చితమైనదే. కానీ ఆదిభట్ల నారాయణదాసుగారి సీమలో ఆ మాట వింటే అష్టావధానమే మెదులుతుంది. పిల్లలకు ‘ధ్యాస’ చాలు. ఇలా చెప్పించండి: ‘ధ్యాస పెట్టి వింటున్నప్పుడు మెదడులో వినికిడి భాగానికి రక్తప్రవాహం పెరుగుతుంది.’